సర్వేయింగ్ పాఠంలో ఇంటర్నెట్‌ను ఎలా వాడాలి?

సర్వేయింగ్ చెప్పే ప్రతి లెక్చరర్‌కూ ఈమధ్య ఎదురవుతున్న ప్రశ్న ఇది. విద్యార్థి ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి, "ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఎండలో స్టాఫ్ (గీతల కొలత కర్ర) పట్టుకుని నిలబడటం దేనికి సార్?" అంటాడు. కసిరి కూర్చోబెట్టాల్సిన ప్రశ్న కాదు, జవాబు చెప్పాల్సినదే. నెట్‌లో దొరికే మ్యాప్‌ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చేది మనం నేల మీద తీసుకున్న కొలతే. కాబట్టి ఇంటర్నెట్‌ను ఫీల్డుకు ముందూ వాడాలి, తర్వాతా వాడాలి. ఫీల్డు మాత్రం మానకూడదు. విశాఖలో ఒక సెమిస్టర్‌లో ఇదంతా ఎలా నడపవచ్చో వరసగా చెబుతాను.

1. చిన్న చోటు ఎంచుకోండి

అర కిలోమీటరు చాలు. చినవాల్తేరు నుంచి బీచ్ రోడ్డుకు దిగే వాలు లాంటిదైతే లెవెలింగ్‌కి, అంటే ఎత్తుల తేడా కొలవడానికి, మరీ మంచిది. ఎత్తు తేడా కంటికే తెలుస్తుంది, చివర సముద్రం ఉంటుంది. ఆ సముద్రంతో మనకు తర్వాత పని పడుతుంది.

2. ముందు రోజే టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) తెరిపించండి

సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ మ్యాపులు ఉచితంగా దిగుతాయి. విశాఖ పాత నంబరింగ్‌లో 65 ఓ కిందికి వస్తుంది. కొత్త సిరీస్‌లో షీటు నంబరు ఈ44తో మొదలవుతుంది. దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరవమనండి, అది కూడా ఉచితమే. ప్రాజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా మార్చే పద్ధతి) యూటీఎం 44 ఉత్తర జోన్, సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఎంచుకునే ఈపీఎస్‌జీ కోడ్ 32644. యూటీఎంలో భూమిని రేఖాంశాల వారీగా జోన్లుగా విడగొడతారు.

ఇక్కడ తొందరపడకండి. క్లాసులో పలాస, టెక్కలి వైపు పిల్లలుంటే వాళ్ల ఊరిని కూడా అదే జోన్‌లో పెట్టమనండి. 84 డిగ్రీల రేఖాంశం దాటగానే జోన్ 45 మొదలవుతుంది కాబట్టి ఒక్క శ్రీకాకుళం జిల్లానే రెండు జోన్లలో పడుతుంది. ఈ సంగతి బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. సొంత ఊరి కోఆర్డినేట్లు తేడాగా వస్తే ఇక మర్చిపోరు. అలాగే ఎవరెస్ట్ డేటమ్ (భూమి ఆకారానికి, స్థానాలకు పాత ఆధార లెక్క) మీద గీసిన పాత టోపోషీట్ అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 డేటమ్ మీది శాటిలైట్ చిత్రం మీద వేయించండి. రోడ్లన్నీ సుమారు 200 మీటర్లు పక్కకు జరిగి కనిపిస్తాయి. ఎందుకు జరిగాయో వాళ్లనే వెతకనివ్వండి.

3. ఫీల్డులో షేర్డ్ షీటు తెరిచి ఉంచండి

ఫీల్డ్ బుక్ మాత్రం కాగితమే, పెన్నుతోనే. తప్పు పడితే కొట్టేసి పక్కన రాయాలి, చెరపకూడదు. దానికి తోడు ప్రతి గ్రూపులో ఒకరు రీడింగులను ఫోన్ నుంచి గూగుల్ షీట్స్‌లో ఎక్కించాలి. బ్యాక్ సైట్ల (పరికరం పెట్టిన ప్రతి చోటా తీసే మొదటి రీడింగుల) మొత్తంలోంచి ఫోర్ సైట్ల (అక్కడ తీసే చివరి రీడింగుల) మొత్తం తీసేస్తే వచ్చేది, చివరి ఆర్‌ఎల్‌కీ (లెక్కకట్టిన ఎత్తుకూ) మొదటి ఆర్‌ఎల్‌కీ ఉన్న తేడాతో సరిపోవాలి. ఈ ఫార్ములాను మీరే ముందుగా షీటులో పెట్టి ఉంచండి. తేడా వస్తే ఆ గడి ఎర్రబడాలి.

అయితే ఈ చెక్ లెక్క తప్పును పడుతుంది గానీ, స్టాఫ్ మీద 1.435ని 1.345గా చదివితే పట్టదు. దాన్ని పట్టాలంటే బయల్దేరిన బెంచ్ మార్క్‌కు (ఎత్తు ముందే తెలిసిన గుర్తుకు) తిరిగొచ్చి క్లోజ్ చేయాల్సిందే. అర కిలోమీటరు వెళ్లి తిరిగొస్తే మొత్తం 1 కిలోమీటరు. సాధారణ లెవెలింగ్‌కి 24√కె మి.మీ. నియమం (కె అంటే దూరం కిలోమీటర్లలో) ప్రకారం 24 మి.మీ. వరకు తేడా ఒప్పుకోవచ్చు. అంతకు మించితే ట్రైపాడ్ ఇంకా నేల మీద ఉండగానే తెలిసిపోతుంది. నా దృష్టిలో ఇంటర్నెట్ మనకు చేసిన అతి పెద్ద మేలు ఇదే. ఒకప్పుడు ఈ సంగతి వారం తర్వాత రికార్డు దిద్దేటప్పుడు బయటపడేది, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

సిగ్నల్ అందని చోటికి వెళ్తుంటే షీటును ఆఫ్‌లైన్‌లో పెట్టుకోమని ముందే చెప్పండి.

4. సముద్రం ఒడ్డున ఎత్తు చూడమనండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది. ఆర్కే బీచ్ ఇసుకలో నిలబడి ఫోన్‌లో జీపీఎస్ ఎత్తు చూడమనండి. కొన్ని యాప్‌లలో అది మైనస్‌లో వస్తుంది, అదీ పదుల మీటర్లు. ఎదురుగా అలలు కనిపిస్తుంటే, మనం నీటి అడుగున ఉన్నట్టు చెబుతుంది. ఫోన్ చెడిపోలేదు. అది ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కలో ఇచ్చిన నున్నటి ఆకారం) నుంచి కొలుస్తోంది, మనకు కావలసింది సగటు సముద్ర మట్టం నుంచి ఎత్తు. ఈ రెంటి మధ్య తేడా (దీన్నే జియాయిడ్ తేడా అంటారు) ఎంతో ఈజీఎం2008 అనే భూమి గురుత్వ మోడల్‌తో లెక్కకట్టే పేజీలు నెట్‌లో ఉన్నాయి. ఆ సవరణ వేయించండి, వచ్చిన విలువను లెవెల్ పరికరంతో తెచ్చిన ఆర్‌ఎల్ పక్కన రాయించండి.

ఈ పాఠం చెప్పడానికి విశాఖను మించిన చోటు దొరకదు. 1909లో స్థిరపడిన భారత ఎత్తుల డేటమ్‌కు (ఎత్తులు లెక్కపెట్టే సున్నా మట్టానికి) ఆధారం తొమ్మిది రేవుల్లో కొలిచిన సముద్ర మట్టం. ఆ తొమ్మిదింట్లో విశాఖపట్నం ఒకటి. దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే బేస్‌లైన్లలో (నేల మీద నేరుగా కొలిచిన మూల రేఖల్లో) కూడా విశాఖపట్నం పేరుతో ఒకటుంది. ఇక్కడి పిల్లలకు ఇవి తెలియకుండా డిగ్రీ చేతికి రాకూడదని నా పట్టుదల.

5. పాత చిత్రాలతో ఒక అసైన్‌మెంట్

గూగుల్ ఎర్త్ ప్రోలో టైమ్ స్లైడర్‌ని 2014 అక్టోబర్ 12కు, అంటే హుద్‌హుద్ తుఫానుకు, ముందుకూ వెనక్కూ జరిపి నగరంలో ఒక కొండ వాలు మీద చెట్ల విస్తీర్ణం గీయించండి. ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లోని చిత్రాలతోనూ పోల్చవచ్చు.

6. మార్కులు ఇలా వేయండి

అందమైన మ్యాపుకు తక్కువ, తేడాకు ఇచ్చిన వివరణకు ఎక్కువ. తన కొలతకూ నెట్ మ్యాపుకూ ఎంత తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఒక పేజీలో రాయమనండి. "తేడా లేదు" అని రాసిన పేజీని తప్పకుండా పిలిచి అడగండి.

7. డ్రోన్ సంగతి

విద్యార్థులు డ్రోన్ అడుగుతారు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న నగరం మనది. ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసి, రాతపూర్వక అనుమతి చేతికొచ్చాకే ఎగరేయండి. రక్షణ స్థలాల హద్దులను అసైన్‌మెంట్లలో గీయించకండి.