ఇంటి లెక్కలు – 3వ పాఠం: మీటరు దీపం చెప్పే లెక్క

పోయిన పాఠంలో వారం రోజులు ఒకే వేళకు కరెంటు మీటరు రీడింగ్ రాసుకోమన్నాను. రాశారా? ఏడు రోజులూ కుదరకపోతే నాలుగైనా చాలు, రోజుకి సగటున ఎన్ని యూనిట్లు అవుతున్నాయో తెలిసిపోతుంది. వాటిని తింటున్నదెవరో ఈసారి పట్టుకుందాం.

1000 వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే 1 యూనిట్. 2000 వాట్ల గీజర్ అరగంటకే ఆ యూనిట్ మింగేస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అదే యూనిట్‌తో దాదాపు 111 గంటలు వెలుగుతుంది. లైటు ఆర్పలేదని పిల్లల మీద కేకలేసే ముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నేనైతే చాలా ఏళ్లు కేకలే వేశాను.

ఇక అసలు విద్య. డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమంటూ ఉంటుంది. దాని దగ్గర్లోనే 3200 అనో 1600 అనో ఒక అంకె, పక్కన ‘ఇంప్/కేడబ్ల్యూహెచ్’ అని ఉంటుంది. అంటే దీపం అన్నిసార్లు మినుకుమంటే 1 యూనిట్ అయినట్టు. ఫోన్లో స్టాప్‌వాచ్ తీయండి. దీపం వెలగగానే నొక్కి, దాన్ని సున్నాగా లెక్కపెట్టండి. పదోసారి వెలగగానే ఆపండి. వచ్చిన సెకన్లను 10తో భాగిస్తే ఒక్క మినుకుకి పట్టే సమయం. మీ మీటరుది 3200 అయితే 1125ని, 1600 అయితే 2250ని ఆ సమయంతో భాగించండి. ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో అదే.

3200 మీటరులో పది మినుకులకి 150 సెకన్లు పట్టాయనుకోండి. ఒక్కోదానికి 15. అంటే 75 వాట్లు. చూడ్డానికి చిన్నదే. కానీ ఆగకుండా లాగితే రోజుకి 1.8, 30 రోజులకి 54 యూనిట్లు!

ఈ లెక్క అందరూ పడుకున్నాక చేస్తేనే మజా. ఫ్యాన్లు ఎలాగూ తెలిసినవే. రిమోట్‌తో మాత్రమే ఆపిన టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఎవరూ గుర్తుపెట్టుకోని అడాప్టర్లు అప్పుడు బయటపడతాయి. ఫ్రిజ్‌తో జాగ్రత్త. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి కొలిస్తే మోసపోతాం, అరగంటకోసారి నాలుగైదు సార్లు చూడాలి. మా ఇంట్లో ఎన్నిసార్లు చూసినా దీపం అదే వేగం. ఫ్రిజ్ ఆగడమే లేదు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే పట్టులేకుండా ఊడొచ్చింది. రబ్బరు వదులైపోయిందన్నమాట.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో ప్రతి స్విచ్చీ ఆపి, ప్లగ్గులన్నీ తీసేశాక కూడా దీపం ఆగకుండా మినుకుమంటుంటే వైరింగ్‌లో లీకేజీ ఉండొచ్చు, లేదా మీ లైను మరెక్కడికో వెళ్తుండొచ్చు. మీరు చేయి పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మీటరు సీలు జోలికి అసలు పోవద్దు.

ఈ వారం పని: పడుకునే ముందు ఒక రీడింగ్, లేవగానే ఒకటి, మూడు రాత్రులు. ఆ అంకెలతో నెల బిల్లు ముందే అంచనా వేయడం వచ్చే పాఠంలో.