గాల్లో గుద్దుకున్న బాంబర్ విమానాల్లోని సిబ్బంది ఏమయ్యారో ఇలా వెతకండి

పాలమూరులోనో నల్గొండలోనో ఉండి ఎప్పటి యుద్ధ విమానాలో మనకెందుకు అంటారు చాలామంది. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు, అంటే విమానాల దళానికి, పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని విమానాలకు డబ్బిచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఆ ఖజానాలో మన తాతలు కట్టిన శిస్తు కూడా ఉంది. బ్రిటన్ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ నౌకల మీదికి పోయిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో ఆ స్క్వాడ్రన్‌వీ ఉన్నాయి. అందుకే ఆ యుద్ధంలో బాంబర్లు గాల్లో గుద్దుకుని చనిపోయినవాళ్ల గురించి వెతకడం మనకు పరాయి పని కాదని నా నమ్మకం. ఫోన్, ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఒక్క పేరు పట్టుకుని వెతకడం మానండి. బ్రిటిష్ బాంబర్ లాంకాస్టర్ అయితే సిబ్బంది ఏడుగురు, అమెరికా బాంబర్ బీ-17 అయితే మామూలుగా పదిమంది, తర్వాత తొమ్మిది. విమానాలు గుద్దుకుంటే రెండు జట్లు కాబట్టి కాగితం మీద రెండు వరసలు గీసి, దొరికిన పేరల్లా రాసుకుంటూ పోండి.

బ్రిటిష్, కెనడా, ఆస్ట్రేలియా వాళ్లయితే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఇంటిపేరు, తేదీ కొట్టండి. రాత్రి పదింటికి లేచిన విమానం అర్ధరాత్రి దాటాక కూలితే తేదీ మారుతుంది, అందుకని ముందు రోజు, తర్వాతి రోజు కూడా చూడాలి. పేరు దొరికాక అక్కడితో ఆగకండి, అదే శ్మశానంలో అదే తేదీవాళ్లందరి పేజీలూ తెరవండి. ఒకే వరసలో పక్కపక్క నంబర్ల సమాధులు ఉండి, వాటిలో రెండు వేర్వేరు స్క్వాడ్రన్లవాళ్లు కనిపిస్తే రెండు విమానాలూ ఒకేచోట కూలి ఉండొచ్చు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. ఉమ్మడి సమాధి అని రాసుంటే ఎవరు ఎవరో విడిగా గుర్తుపట్టలేకపోయారని అర్థం. ఆ పేజీలో స్కాన్ చేసిన పాత కాగితాలుంటే తప్పకుండా చదవండి, శరీరాన్ని మొదట ఎక్కడ పాతిపెట్టారో, తర్వాత ఎక్కడికి మార్చారో కొన్నిసార్లు వాటిలో దొరుకుతుంది.

సమాధి లేకపోతే యూరప్ వైపు పోయినవాళ్ల పేర్లు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకం మీద ఉంటాయి, అక్కడ 20,000కు పైగా పేర్లున్నాయి. 1942 నుంచి మన హైదరాబాద్ స్క్వాడ్రన్ ఇండియాకొచ్చి బర్మా మీద పోరాడింది కదా, అలా తూర్పున గల్లంతైనవాళ్ల కోసం సింగపూర్ స్మారకం చూడాలి.

గుద్దుకున్నాయని ఖాయం చేసుకోవాలంటే లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 వరస, అంటే స్క్వాడ్రన్ల రోజువారీ పుస్తకాలు, చూడాలి. విమానం నంబర్, సిబ్బంది పేర్లు, లేచిన టైమ్ ఉంటాయి, దిగిన టైమ్ ఉండాల్సిన చోట ఖాళీ, పక్కన తిరిగి రాలేదని ఒక చిన్న మాట. మీకు దొరికిన విమానం ఒకటే అయితే ఆ రాత్రి అదే టార్గెట్‌కు పోయిన మిగతా స్క్వాడ్రన్ల పుస్తకాలూ తిరగేయాల్సిందే. ఆ పుస్తకాల్లో తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా కళ్లారా చూసి చెప్పి ఉంటే ఆ మాట చాలా విలువైనది. అమెరికన్లకైతే 1943 నుంచి గల్లంతైన సిబ్బంది రిపోర్టులు విడిగా ఉన్నాయి, వాటిలో సాక్షుల మాటలు కూడా దొరుకుతాయి.

అందరూ చనిపోయారని మాత్రం ముందే అనుకోకండి. 1944 డిసెంబర్ 31న హాంబర్గ్ దాడి నుంచి తిరిగొస్తూ రెండు బీ-17లు ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయాయి. పై విమానం పైలట్ గ్లెన్ రోజాన్, కోపైలట్ విలియం లీక్ ఆ రెండింటినీ అలాగే నేలకు దించి బతికారు, కొందరు అంతకుముందే పారాచూట్లతో దూకేశారు. అలా దూకి శత్రువుకు చిక్కినవాళ్లు యుద్ధ బందీల జాబితాల్లో దొరుకుతారు, కాబట్టి సమాధుల్లో లేని ప్రతి పేరునూ అక్కడ వెతకండి.

ఎంత వెతికినా ముందుకు కదలకపోతే జట్టులో ఆస్ట్రేలియన్ ఎవరైనా ఉన్నారేమో చూడండి. వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏ705 వరస, అంటే చనిపోయిన, గల్లంతైన వైమానిక సిబ్బంది ఫైళ్లు చాలావరకు స్కాన్ చేసి పెట్టారు, ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. ఆ ఒక్కడి ఫైల్లోనే తరచుగా మిగతా ఆరుగురి సంగతీ ఉంటుంది.