మార్బుల్ పేపర్ కడిగితే రంగు పోతోందా? ముందు కాగితాన్ని అనుమానించండి

మార్బులింగ్ అంటే ట్రేలో చిక్కటి నీటి మీద రంగులు తేల్చి, ఆ డిజైన్‌ను కాగితం మీదికి ఎత్తుకోవడం. సమస్య: ట్రేలో డిజైన్ చక్కగా వచ్చింది. కాగితం పరిచి ఎత్తినప్పుడూ బాగానే ఉంది. కుళాయి కింద పెట్టగానే రంగు మరకలు మరకలుగా జారిపోయింది.

మార్బులింగ్ చేసేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. అడిగేలోపే రంగుల బ్రాండ్ మార్చేసి ఉంటారు, ట్రేలో నీటిని చిక్కబరిచే క్యారజీనన్ పారబోసి మళ్ళీ కలిపి ఉంటారు, రంగు విచ్చుకోవడానికి వేసే ఆక్స్‌గాల్ (ఎద్దు పిత్తం) చుక్కలు పెంచి ఉంటారు. రంగు నీటి మీద తేలి, విచ్చుకుని, దువ్వెన లాగినట్టు కదిలిందంటే ట్రేలో అంతా బాగున్నట్టే. ఇక దాన్ని కదిలించకండి. చూడాల్సింది కాగితాన్ని.

మొదటి కారణం పటిక, అంటే రంగు కాగితాన్ని పట్టుకునేందుకు ముందుగా రాసేది. ఆరాక పటిక కంటికి కనిపించదు కాబట్టి ఏ వైపు రాశారో గుర్తుండదు. రాయని వైపు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టండి, ఆ వైపు మీ ముఖం వైపు ఉండేలా కాగితం పట్టుకుని ట్రేలో పరచండి. ఇది చెప్తే "అదెందుకు చూడనండీ" అంటారు, తీరా చూస్తే సగం మంది అక్కడే దొరికిపోతారు. లీటరు గోరువెచ్చని నీళ్ళకు 40 నుంచి 60 గ్రాముల పటిక పొడి, పూర్తిగా కరిగాక స్పాంజితో ఒక్క అంగుళం కూడా వదలకుండా రాయాలి. వదిలేసిన చోట తెల్ల చార వస్తుంది, అది స్పాంజి నడిచిన దారిలోనే ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. పటిక రాసిన కాగితం నెలల తరబడి దాచుకోవద్దు. పటికలోని ఆమ్లం కాగితాన్నే తినేస్తుంది.

ఇంకో సంగతి. ఇస్తాంబుల్ ఎబ్రూ (టర్కీ మార్బులింగ్) వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళు పటికే రాయరు. అక్కడి సంప్రదాయ పద్ధతి వేరు. రంగుపొడిని ఎద్దు పిత్తంతో కలుపుతారు, ట్రేలో ట్రాగకాంత్ బంక నీళ్ళు వాడతారు, కాగితాన్ని ట్రే అంచుకు రాస్తూ లాగి, కడగకుండానే ఆరేస్తారు. మీరు క్యారజీనన్ మీద యాక్రిలిక్ వేసి కుళాయి కింద కడుగుతుంటే ఆ పద్ధతి ఇక్కడికి పనికిరాదు.

పటిక సరిగ్గానే రాశారు, వైపు కూడా సరిగ్గానే ఉంది, అయినా రంగు నిలవడం లేదు. ఇక్కడే అసలు దొంగ ఉంటాడు. కాగితంలో ఉన్న సుద్ద.

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. అదే షాపు, అదే పేరు, అదే మందం, అదే తెలుపు. కొత్త లాటు వచ్చింది. బైండింగ్ ఆర్డర్ కోసం పటిక రాసి పెట్టిన కట్టంతా కుళాయి దగ్గర రంగు పోయి తెల్లబడింది. మిల్లు లోపల సరుకు మార్చిందని రేపర్ మీద ఎక్కడా లేదు.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1807లో జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ అనే ఆయన కాగితానికి పటిక, రోజిన్ (చెట్టు జిగురు) కలిపి పట్టించే పద్ధతిని ప్రకటించాడు. మిల్లులన్నీ క్రమంగా ఆ దారి పట్టాయి. ఆ ఆమ్లం వల్లే పుస్తకాలు పసుపెక్కి పెళుసై విరిగిపోతున్నాయని అమెరికాలో విలియం బారో 1950లలో పరీక్షలు చేసి చూపించాడు. చివరికి 1980లలో మిల్లులు పెద్ద ఎత్తున ఆమ్లం వదిలేసి, కాల్షియం కార్బొనేట్‌కు, అంటే సుద్దకు మళ్ళాయి. పుస్తకాలకు అది ఎంతో మేలు. మార్బులింగ్‌కు మాత్రం చేటు. పటిక పనిచేసేది అందులోని అల్యూమినియం కాగితం పీచునూ రంగునూ కలిపి పట్టి ఉంచడం వల్ల. సుద్ద తగిలితే పటికలోని ఆమ్లం విరిగిపోతుంది, అల్యూమినియం పనికిరాని తెల్లటి పొడిగా దిగిపోతుంది. మీరు పటిక రాశారు, నిజమే, కానీ ఆరేసరికి దాని బలం పోయింది. లండన్‌లో వుల్‌నఫ్ 1853లో, బుడాపెస్ట్‌లో హాల్ఫర్ 1885లో మార్బులింగ్ మీద పుస్తకాలు వేసినప్పుడు ఈ బెడద లేదు. పాత పద్ధతిని అక్షరం తప్పకుండా పాటించినా ఇవాళ పని చెడిపోయేది ఇందుకే.

"ఆసిడ్ ఫ్రీ అని రాసుంది కదా, మంచి కాగితమే" అని వాదిస్తారు. ఆ మాటతో మనకు పని జరగదు. సుద్ద కలిపిన కాగితమూ ఆసిడ్ ఫ్రీయే, ఏమీ కలపని తటస్థ కాగితమూ ఆసిడ్ ఫ్రీయే. షాపులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది బఫర్డ్ (సుద్ద కలిపిన) కాగితమా, కాదా? మామూలు జిరాక్స్ కాగితాల్లో చాలావాటిలో సుద్ద ఉంటుంది, వాటిని వదిలేయండి. చేతి కాగితమైతే ప్రతి లాటుకూ అడగండి.

ఇంట్లో పరీక్ష తేలిక. ఒక చుక్క ఆర్వో నీళ్ళు కాగితం మీద వేసి పీహెచ్ స్ట్రిప్ అదిమిపెట్టండి. 8 దాటితే సుద్ద ఉన్నట్టే అనుకోండి. వెనిగర్ చుక్క వేసి భూతద్దంలో చూస్తే సన్న బుడగలు కనిపించవచ్చు. కనిపించకపోయినంత మాత్రాన సుద్ద లేదని కాదు. తిరుగులేని పరీక్ష ఇంకొకటి ఉంది. రంగు నిలుస్తుందని మీకు ముందే తెలిసిన కాగితం ముక్క ఒకటి, కొత్త కాగితం ముక్క ఒకటి తీసుకుని, ఒకే పటిక నీళ్ళు రాసి, ఒకే ట్రేలో పక్కపక్కన పరిచి కడగండి. ఒకటి నిలిచి ఇంకోటి జారితే ఇంకేం వెతకక్కర్లేదు.

పరిష్కారం? కాగితం మార్చడమే. పటిక గాఢత పెంచి, తడి పూర్తిగా ఆరకముందే వాడితే కొంత నిలుస్తుంది, కానీ ఎక్కువైన పటిక ఆరాక గరుకుగా పలుకులు కడుతుంది. ఆర్డర్ పనికి ఆ తంటా వద్దు. రంగు బాగా పట్టే లాటు దొరికిందా, ఆ లాటులోనే మీకు కావల్సినంత కొని పెట్టుకోండి.

మిగతావి చకచకా చెప్తాను. తెల్ల చుక్కలు పడితే గాలి బుడగలు. కాగితాన్ని ఒక మూల నుంచి ఐమూలగా, ఆపకుండా పరచండి. మధ్యలో చెయ్యి ఆగితే అడ్డగీత పడుతుంది. రంగు మునిగిపోతుంటే ముందు న్యూస్‌పేపర్ పట్టీతో నీటి పైపొర తీసేయండి, ఆ తర్వాతే ఆక్స్‌గాల్ సంగతి. రంగుల అంచులు నక్షత్రాల్లా చీలుతుంటే రంగుకూ ట్రేలోని నీటికీ వేడిలో తేడా ఉంది, లేదా క్యారజీనన్ పాచిపోయింది. మన ఎండాకాలంలో అది తొందరగానే పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి, వాడేముందు బయట పెట్టి గది వేడికి రానివ్వండి. బోరు నీళ్ళతో కలపవద్దు.

గాల్లో తేమ, రంగు డబ్బా పాతబడటం, దువ్వెన పళ్ళు... వీటివల్ల కుళాయి కింద రంగు జారిపోదు. పై పరీక్ష చేయకుండా వాటి జోలికి వెళ్ళకండి.