పర్లాకిమిడి వంటింట్లో గ్వాటెమాలా పండగ వంట

మా పెద్ద కోడలిది మధ్య అమెరికాలోని గ్వాటెమాలా. కెసల్తెనాంగో అనే కొండ ఊరు. అందుకని పర్లాకిమిడిలో ఉన్న మా ఇంట్లో సెప్టెంబర్ 15న పెపియాన్ అనే వాళ్ళ కోడి పులుసు, డిసెంబర్‌లో తమాల్ అనే మొక్కజొన్న పిండి పొట్లాలు వండుతాం. బరంపురం నుంచి టెక్కలి దాకా ఉన్న చుట్టాలందరూ ఫోన్ చేసి ఇదెలా, అదెలా అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పలేక అంతా ఒకేచోట రాస్తున్నాను. కొలతలు ఆరుగురికి.

ముందే ఒక మాట. ఈ వంటల్లో తాలింపు లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద, కరివేపాకు, ధనియాల పొడి ఏవీ పడవు. మన చేయి ఊరుకోదు, నాకు తెలుసు. కానీ అవి పడ్డాయంటే అది మన కోడికూరే, పెపియాన్ కాదు. తీపి వంటల్లో ఏలకులు కూడా వద్దు. ప్రపంచంలో ఏలకులు అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసేది గ్వాటెమాలాయే, అయినా వాళ్ళ వంటింట్లో ఆ డబ్బా కనపడదు. దాల్చినచెక్క మాత్రం ధారాళంగా వాడతారు.

సెప్టెంబర్ 15 వాళ్ళ స్వాతంత్ర్య దినం. 1821లో ఆ రోజున గ్వాటెమాలా నగరంలో పత్రం మీద సంతకాలు చేసి స్పెయిన్ నుంచి విడిపోయారు. ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా, కోస్తారికాలకి కూడా అదే పండగ. ముందురోజు సాయంత్రం బడి పిల్లలు కాగడాలు పట్టుకుని, ఈలలు ఊదుకుంటూ ఊళ్ళ మధ్య పరుగులు తీస్తారు. తెల్లారితే డప్పులు, బాకాలతో బడుల కవాతు. అది చూసి ఇంటికొచ్చి భోజనాలకి కూర్చుంటారు. ఆ భోజనంలో తరచుగా ఉండేది పెపియాన్. 2007లో వాళ్ళ ప్రభుత్వం ఈ వంటకాన్ని దేశ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది.

పెపియాన్‌కి నాటుకోడి కిలో తీసుకోండి. బ్రాయిలర్ అయితే ముక్క విడిపోతుంది. ఉప్పు, సగం ఉల్లిపాయ వేసి ముక్క మూడొంతులు ఉడికేదాకా మామూలు గిన్నెలో ఉడికించండి, కుక్కర్ వద్దు. ఆ నీళ్ళు పారబొయ్యకండి.

అసలు వంట పెనం మీద జరుగుతుంది. అక్కడ వేయించి, కాల్చి, తర్వాత రుబ్బే మసాలా ముద్దని వాళ్ళు రెకాదో అంటారు. ఇనప పెనం మీద నూనె చుక్క లేకుండా ముందు గుమ్మడి గింజలు వంద గ్రాములు వేయించాలి. అవి ఉబ్బి చిటపటలాడగానే తీసేయండి. తర్వాత నువ్వులు యాభై గ్రాములు, విడిగా. రెండూ కలిపి వేయిస్తే గింజ వేగేలోపు నువ్వు మాడి మొత్తం చేదెక్కుతుంది. అదే పెనం మీద టమాటాలు అరకిలో, గట్టి పచ్చి టమాటాలు నాలుగు, మిగిలిన సగం ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు పెట్టి తొక్క నల్లబడేదాకా కాల్చాలి. వాళ్ళు మిల్తొమాతె అనే చిన్న పచ్చకాయ వాడతారు. అది మనకి దొరకదు, పచ్చి టమాటా ఆ పులుపు ఇస్తుంది. చింతపండు వెయ్యొద్దు.

మిరపకాయల దగ్గర జాగ్రత్త. వాళ్ళ గువాకె, పాసా మిరపకాయలకి రంగు, వాసన ఎక్కువ, కారం తక్కువ. గుంటూరు మిరప వేస్తే పంటికింద గింజల రుచి తెలియదు. బ్యాడిగి అయిదారు తీసుకుని, గింజలు దులిపి, పెనం మీద ఒక్క తిప్పు తిప్పి, వేడినీళ్ళలో నానెయ్యండి. మావారికి కారం చాలదని పచ్చిమిరపకాయ పక్కన పెడతాను, గిన్నెలో మాత్రం వెయ్యను.

ఇంకొకటి కావాలి, మాడిన రొట్టె. మొక్కజొన్న పిండితో చిన్న రొట్టె చేసి నిప్పు మీద నల్లగా కాల్చండి. రంగూ చిక్కదనమూ దాని నుంచే వస్తాయి. ఇదంతా చిన్న దాల్చినచెక్క, రెండు లవంగాలు, నాలుగు మిరియాలతో కలిపి కోడి ఉడికిన నీళ్ళతో మెత్తగా రుబ్బండి. మిక్సీ చాలు, కానీ జల్లెడ పట్టాలి. జల్లించిన ముద్దని కోడి గిన్నెలో పోసి, బంగాళాదుంప, బెంగుళూరు వంకాయ, బీన్స్ పెద్ద ముక్కలుగా వేసి, సన్న సెగ మీద అరగంట ఉడికించండి. బెంగుళూరు వంకాయ పుట్టిల్లు కూడా ఆ ప్రాంతమే. గరిటె వెనక పలచగా అంటుకుంటే దించొచ్చు. తెల్లన్నంతో పెట్టండి.

కొన్నేళ్ళు వినాయక చవితి ఈ తారీకు దరిదాపుల్లోనే పడుతుంది. మా ఇంట్లో చవితి వంటగదిలోకి మాంసం రాదు. అలాంటప్పుడు పెపియాన్ పొయ్యి పెరట్లో పెడతాం, గిన్నెలు విడిగా. కోడలు దీనికేమీ నొచ్చుకోదు. ‘అత్తయ్యా, బయటే బాగుంది, పొగ వాసన పడుతుంది’ అంటుంది. అది నిజమే కూడా.

పెపియాన్ తర్వాత తీపికి రెయ్యెనితోస్ చెయ్యండి. కూరఅరటికాయలు కొని, తొక్క మీద నల్లమచ్చలు వచ్చేదాకా ఉంచండి. తొక్కతోనే దాల్చినచెక్క వేసి ఉడికించి, చిదిమి ముద్ద చెయ్యాలి. లోపలికి వాళ్ళు నల్ల చిక్కుడు గింజల ముద్ద పెడతారు. మనకి రాజ్మా సరిపోతుంది. ఉడికించి, రుబ్బి, పంచదార, కొంచెం కోకో పొడి వేసి దగ్గరపడేదాకా కలపండి. పూర్ణం బూరె లాంటి పనే, కాకపోతే పైపిండి ముంచడం లేదు. గుడ్డు ఆకారంలో చుట్టి నేరుగా నూనెలో వెయ్యండి.

నవంబర్ 1న చేసే ఫియాంబ్రే గురించి కూడా అడిగారు. ఆ రోజు సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కుటుంబమంతా కూడి తింటారు. సుంపాంగో, సంతియాగో సకతెపెకెస్ ఊళ్ళలో ఇంటికంటే పెద్ద కాగితం గాలిపటాలు నిలబెడతారు. ఫియాంబ్రే అంటే ఒకే పళ్ళెంలో పదుల రకాల కూరలు, సాసేజీలు, చీజ్‌లు చల్లగా కలిపిన వంట. ఆ మాంసాలు మనకి రావు, మొత్తం చెయ్యాలని ఆశ పెట్టుకోకండి. కూరల భాగం మాత్రం చెయ్యొచ్చు. క్యారట్, బీన్స్, క్యాబేజీ, కాలీఫ్లవర్ విడివిడిగా పలుకుండేలా ఉడికించి, వెనిగర్‌లో రాత్రంతా ఊరబెట్టి, ఉడికించిన గుడ్డు, పనీర్ పైన పెట్టండి. బీట్‌రూట్ కలిపితే ఎర్ర ఫియాంబ్రే, కలపకపోతే తెల్లది. ఏది మంచిదో వాళ్ళలో వాళ్ళకే తగువు. నా ఓటు ఎర్రదానికి.

ఇక తమాల్. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, అలా మొదలుపెట్టకండి. పిండి కలపడానికి ఒకరు, ఆకు సిద్ధం చెయ్యడానికి ఒకరు, కట్టడానికి ఇద్దరు ఉండాలి. వాళ్ళ ఇళ్ళలో కూడా అక్కచెల్లెళ్ళు, పిన్నులు చుట్టూ కూర్చుని చేస్తారు.

సవర పల్లెల నుంచి సంతకొచ్చే ఎండు మొక్కజొన్నలు కిలో కొనండి. తాంబూలానికి వాడే సున్నం రెండు చెంచాలు నీళ్ళలో కలిపి, అందులో ముప్పావు గంట ఉడికించి, రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున పొట్టు చేతికి జారిపోవాలి. నాలుగైదు నీళ్ళు మార్చి కడిగితే గానీ సున్నం వాసన పోదు. తర్వాత గ్రైండర్‌లో రుబ్బండి. దుకాణంలో పాకెట్లలో దొరికే మొక్కజొన్న పిండి దీనికి పనికిరాదు, అది ముద్ద కట్టదు. ఈ పిండిని కోడి ఉడికిన నీళ్ళలో పలచగా కలిపి, పావుకిలో వెన్న వేసి, గరిటె బరువెక్కేదాకా పొయ్యి మీద కలపాలి. వాళ్ళు పందికొవ్వు వేస్తారు, దొరికి, తినేవాళ్ళుంటే అదే వెయ్యండి.

రెకాదో పైన చెప్పినదే, రొట్టె మానేసి జాఫ్రా గింజలు కలపండి. అరకు, పాడేరు వైపు నుంచి వస్తాయి, ఎర్ర రంగు వాటిదే. అరటాకు ఈనె తీసి, మంట మీద అటూ ఇటూ వాడ్చితే చిరగదు. ఆకులో గరిటెడు పిండి, మధ్యలో కోడి ముక్క, రెండు చెంచాల రెకాదో, ఒక ఆలివ్, రెండు కిస్మిస్‌లు. పొట్లం కట్టి అరటినారతో బిగించండి. అక్కడ పైన మషాన్ అనే ఇంకో ఆకు కూడా చుడతారు, మనం రెండో అరటాకు చుడదాం. మా పక్కింటి ఒడియా అక్క ప్రథమాష్టమికి ఎండూరి పిఠా ఉడికించే పెద్ద డేక్సా ఉంది, అది అడిగి తెస్తాను. అడుగున మిగిలిన ఈనెలు పరిచి, పొట్లాలు నిలబెట్టి, రెండు గంటలు ఆవిరి పట్టాలి. మధ్యలో నీళ్ళు అయిపోకుండా చూసుకోండి.

పక్కన తాగడానికి పోంచె. అనాస, బొప్పాయి, యాపిల్, కొబ్బరి ముక్కలు, కిస్మిస్, దాల్చినచెక్క, పంచదార వేసి నీళ్ళలో మరిగించి వేడిగా ఇస్తే చాలు.

తమాల్ విప్పేది డిసెంబర్ 24 అర్ధరాత్రి, టపాసులు కాల్చి, ఒకరినొకరు కావలించుకున్నాక. వాళ్ళ అర్ధరాత్రి అంటే మనకి 25వ తారీకు పొద్దున పదకొండున్నర. మా వియ్యపురాలు వీడియో కాల్‌లో ఉండగా విప్పాలంటే తొమ్మిదికల్లా డేక్సా పొయ్యి మీదకి ఎక్కాలి. కాబట్టి పిండి 24 సాయంత్రమే కలిపి ఉంచుకోండి, పొట్లాలు కట్టడం తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టండి.