విదేశంలో ఉంటున్నవారు పర్యాటక వీసాకు దరఖాస్తు చేసుకోవడం ఎలా?

తల్లిదండ్రులు కూకట్‌పల్లిలో, కొడుకు డాలస్‌లో, కూతురు దుబాయ్‌లో ఉండే కుటుంబాలు హైదరాబాద్‌లో ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇలాంటి కుటుంబం వేసవిలో అందరూ కలిసి యూరప్ చూసి రావాలనుకున్నప్పుడు మొదట వచ్చే ఆలోచన, సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు అందరి దరఖాస్తులూ హైదరాబాద్‌లోనే ఒకేసారి ఇచ్చేద్దామని. యూరప్‌లోని 29 దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా విషయంలో ఈ ఆలోచన సాధారణంగా సాగదు. పాస్‌పోర్టు చివరి పేజీలో కూకట్‌పల్లి చిరునామా ఉన్నంత మాత్రాన దరఖాస్తుదారు హైదరాబాద్ నివాసి అయిపోరు. ప్రస్తుతం ఏ దేశంలో చట్టబద్ధంగా నివసిస్తున్నారో ఆ దేశంలో, ఆ ప్రాంతం బాధ్యత చూసే కాన్సులేటుకే దరఖాస్తు చేయాలన్నది షెంగెన్ వీసా నియమావళిలోని సూత్రం. నివాసం లేకపోయినా చట్టబద్ధంగా ఉన్న చోటి నుంచి దరఖాస్తు తీసుకునే మినహాయింపు ఉంది గాని, అక్కడే ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో కాన్సులేటును ఒప్పించాలి. సెలవు మీద వచ్చామన్న కారణం అందుకు చాలుతుందని ఆశపడకపోవడం మంచిది.

కాబట్టి కుటుంబమంతా ఒకే ప్రయాణం చేస్తున్నా దరఖాస్తులు మూడు చోట్ల పడతాయి. వాటన్నిటిలో గమ్యదేశం మాత్రం ఒకటే కావాలి. షెంగెన్‌లోని 29 దేశాల్లో ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి, రోజులు సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి దరఖాస్తు చేయాలి. రోజువారీ ప్రయాణ పట్టికను ముందే ఖరారు చేసి, అందరూ అదే పట్టికను జతచేసి, మిగిలిన కుటుంబ సభ్యులు ఎక్కడి నుంచి దరఖాస్తు చేస్తున్నారో కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాల్లో చెబితే, అధికారికి చిత్రం స్పష్టంగా అర్థమవుతుంది.

అన్ని దేశాలదీ ఇదే పద్ధతి అనుకోకూడదు. అమెరికా 2025 సెప్టెంబరు నుంచి, వలసేతర (స్థిరపడటానికి కాక తాత్కాలికంగా వెళ్లేందుకు ఇచ్చే) వీసా కోరేవారు తమ పౌరసత్వ దేశంలో గాని నివాస దేశంలో గాని ఇంటర్వ్యూకు హాజరు కావాలని చెబుతోంది. అంటే దుబాయ్‌లో ఉన్న కూతురు డాలస్‌లోని అన్నయ్యను చూడటానికి వెళ్లాలనుకుంటే, యూఏఈలోనైనా హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేటులోనైనా దరఖాస్తు చేయవచ్చు. మధ్యలో ఇంకెక్కడో స్లాట్ త్వరగా దొరుకుతోందని అక్కడ డబ్బు కడితే ఆ రుసుము తిరిగి రాదు, మరో దేశానికి మారదు. బ్రిటన్ సందర్శక వీసాకైతే ఈ కట్టుబాటు లేదు, బ్రిటన్ వెలుపల దరఖాస్తు కేంద్రం ఉన్న ఏ చోటి నుంచైనా ఇవ్వవచ్చు.

విదేశంలో ఉండేవారి దరఖాస్తులో అసలు కీలకం, పర్యటన తర్వాత మీరు ఉంటున్న దేశానికే తిరిగి వెళ్లగలరని నిరూపించడం. నివాస అనుమతి గడువు షెంగెన్ నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలైనా ఉండాలని కాన్సులేట్లు సాధారణంగా అడుగుతాయి. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చినా, ఆ గడువు సరిచూసుకునే పని మాత్రం మనదే. అమెరికా ఉద్యోగ వీసా అయిన హెచ్-1బి మీద ఉన్నవారు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. పాస్‌పోర్టులోని వీసా స్టాంపింగ్ గడువు తీరినా, అమెరికా వలస విభాగం ఇచ్చే ఐ-797 ఆమోదపత్రం చెల్లుబాటులో ఉంటే అమెరికాలో ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ఒకసారి యూరప్‌కు వెళ్తే కొత్త స్టాంపింగ్ లేకుండా తిరిగి రాలేరు. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లివచ్చేవారికి ఉన్న వెసులుబాటు యూరప్‌కు వర్తించదు. స్టాంపింగ్ కూడా ఇప్పుడు స్వదేశంలోనో నివాస దేశంలోనో చేయించుకోవాలి గనుక, ముందు హైదరాబాద్ వచ్చి ఆ పని ముగించుకుని, తర్వాతే యూరప్ పర్యటన పెట్టుకోవడం తెలివైన క్రమం. గల్ఫ్‌లో ఉన్నవారు నివాస అనుమతితో పాటు యజమాని ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), జీతం ధ్రువపత్రం, సెలవు మంజూరు లేఖ సిద్ధం చేసుకోవాలి; ఆ లేఖలో తిరిగి విధుల్లో చేరే తేదీ తప్పనిసరిగా కనిపించాలి.

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, హైదరాబాద్ బ్యాంకు ఖాతాలో అది ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, విదేశంలోని ఉద్యోగ పత్రంలో పేరుకూ ఇంటిపేరుకూ స్థానాలు తారుమారవుతాయి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్న ఆడవారి పత్రాల్లో ఇది రెట్టింపవుతుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుకైతే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి చేరి, పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పదం పేరున్న పాస్‌పోర్టులపై సందర్శక వీసాలకు అడ్డు చెప్పింది. దరఖాస్తు ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయాలి. బ్యాంకు ఖాతాలో పేరును కేవైసీ ద్వారా ముందే సరిచేయించుకోవాలి, అంత వ్యవధి లేకపోతే రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జతచేయాలి.

డబ్బు లెక్కల్లో, మీరు ఉంటున్న దేశంలో జీతం పడే ఖాతా స్టేట్‌మెంట్‌దే మొదటి స్థానం. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) డిపాజిట్లను అదనపు బలంగా చూపవచ్చు గాని, వాటి మీదే ఆధారపడకూడదు. దరఖాస్తుకు వారం ముందు నాన్నగారు పంపిన పెద్ద మొత్తం బలం కన్నా అనుమానాన్నే ఎక్కువ పెంచుతుంది. నిజంగా అలాంటి జమ ఉంటే అది ఎక్కడిదో ఒక కాగితంతో చూపాలి. నకిలీ విమాన టికెట్లు తయారుచేసిచ్చే ఏజెంట్ల జోలికి వెళ్లవద్దు. రద్దు చేసుకోగలిగిన హోటల్ బుకింగ్, విమాన రిజర్వేషన్ దొరుకుతుండగా ఆ ప్రమాదం ఎవరికీ అవసరం లేదు.

షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు ఇవ్వవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అవసరమైతే 45 రోజులకు పొడిగిస్తారు. వేసవికి అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. రుసుము 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, అంతకన్నా చిన్నవారికి లేదు. పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై, షెంగెన్ విడిచే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లుతూ, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి. ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ అంతటికీ వర్తించేది కావాలి. వేలిముద్రలు గత 59 నెలల్లో ఇచ్చి ఉంటే వాటినే తిరిగి వాడుకునే వీలుంది.

ఇక హైదరాబాద్‌లో దరఖాస్తు చేసే అమ్మానాన్నల ఖర్చును పిల్లలు భరిస్తుంటే, పిల్లల స్టేట్‌మెంట్లు, నివాస అనుమతి నకలు, బంధుత్వం తెలిపే పత్రం జతచేయాలి. అయినా పెన్షన్ వివరాలు, సొంత ఖాతా, ఇంటి పన్ను రసీదు వంటివి వారివి వారికి ఉండాల్సిందే. వారికి ఒక లాభం కూడా ఉంది. 2024 ఏప్రిల్ 18న యూరోపియన్ కమిషన్ తెచ్చిన నిబంధన ప్రకారం, గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా (పలుమార్లు వెళ్లివచ్చే వీలున్నది) ఇవ్వవచ్చు. అయితే అది భారత్‌లో నివసిస్తూ భారత్‌లోనే దరఖాస్తు చేసే భారతీయులకు మాత్రమే. డాలస్‌లోని కొడుకుకూ దుబాయ్‌లోని కూతురికీ వర్తించదు.

పాస్‌పోర్టు చేతికి రాగానే స్టిక్కర్ మీద పేరు, ప్రవేశాల సంఖ్య, అనుమతించిన రోజులు, తేదీలు చదవండి. తేదీల మధ్య నెల రోజుల వ్యవధి కనిపించినా, ఉండనిచ్చే రోజుల గడిలో 12 అని ఉంటే 12 రోజులే ఉండాలి. తప్పు కనిపిస్తే టికెట్లు ఖరారు చేయకముందే వీసా దరఖాస్తు కేంద్రానికి తెలియజేయాలి.