బెంగళూరులో సెకండ్ హ్యాండ్ లగ్జరీ సెడాన్ కొనేముందు ఏం చూడాలి

బెంగళూరులో కొత్త బెంజ్ సీ-క్లాస్ ఆన్ రోడ్ ధర 70 లక్షల దరిదాపుల్లో ఉంది. అదే పేరున్న ఏడెనిమిదేళ్ల కారు, కొత్త క్రెటా టాప్ మోడల్ కొనే డబ్బుకి దొరుకుతుంది. మనసు లాగడంలో తప్పేం లేదు, నిజంగానే నడపడానికి చాలా బాగుండే కార్లు అవి. కాకపోతే కారు ధర పడిపోయింది గానీ దాని స్పేర్ పార్టుల ధర పడిపోలేదు. మీరు ఎంతకి కొన్నారన్నది హెడ్‌లైట్‌కి తెలీదు, పగిలితే వచ్చే బిల్లు కొత్త కారు బిల్లే. అందుకే చేతిలో 20 లక్షలుంటే 16, 17 లక్షల కారే చూడండి, మిగతాది మొదటి ఏడాది రిపేర్లకని పక్కన పెట్టుకోండి. ఆ డబ్బు పక్కన పెట్టే వీలు లేక, ఈఎంఐ కూడా ఊపిరాడనంత పెట్టుకుని కొంటున్నట్టయితే, ఇంకో ఏడాది ఆగమనే చెప్తాను.

"బెంజ్ మంచిదా, బీఎండబ్ల్యూ మంచిదా, ఆడీ మంచిదా" అని చాలామంది అడుగుతుంటారు. ఒకే బ్రాండ్‌లో, ఒకే మోడల్‌లో కూడా ఇంజిన్ మారితే కారు జాతకం మారిపోతుంది. కాబట్టి ముందు ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అన్నది తేల్చుకుని ఆ తర్వాతే రంగు, సన్‌రూఫ్ చూడండి.

బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఎఫ్30 అని పిలిచే మోడల్ మన దగ్గరికి 2012లో వచ్చింది. మార్కెట్లో ఎక్కువగా కనిపించేది 320డీ. ఇందులో మొదటి సంవత్సరాల డీజిల్ ఇంజిన్ పేరు ఎన్47. దీని టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే గొలుసు) ఇంజిన్‌కి ముందు కాకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ అరిగితే మార్చడానికి గేర్‌బాక్సో ఇంజినో దించాల్సిందే, అంటే చైన్ ధర కన్నా కూలీ ఎక్కువ. పట్టించుకోకుండా నడిపి అది తెగిందంటే ఇంజినే పోతుంది. 2016లో వచ్చిన ఫేస్‌లిఫ్ట్ (కొద్ది మార్పులతో వచ్చిన అదే మోడల్) నుంచి బీ47 ఇంజిన్ పెట్టారు, అది దీనికన్నా చాలా మేలు. రెండింట్లోనూ ఉండే జెడ్ఎఫ్ 8 స్పీడ్ ఆటోమేటిక్ మాత్రం ప్రపంచంలోనే మంచి గేర్‌బాక్సుల్లో ఒకటి. దాని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీ మాట, కానీ ఆ గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ వాళ్లే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. లక్ష దాటిన కారు చూస్తుంటే ఆ ఆయిల్ ఎప్పుడైనా మార్చారా, బిల్లు ఉందా అని అడగండి. పెట్రోల్ 328ఐలోని ఎన్20 ఇంజిన్‌కి 2015 ముందు బండ్లలో చైన్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరుగుతాయన్న పేరుంది. వాటిని నేను అంత తేలిగ్గా సిఫార్సు చేయను.

బెంజ్ వైపు 2014 చివర్లో వచ్చిన డబ్ల్యూ205 సీ-క్లాస్ తీసుకోండి, దానికి ముందు తరం వద్దు. ముందు తరం సీ200లో ఎం271 అనే పెట్రోల్ ఇంజిన్ చైన్ సాగడం, క్యామ్ అడ్జస్టర్లు అరగడం బాగా తెలిసిన జబ్బు. డబ్ల్యూ205లో అన్నిటికన్నా నాకు నచ్చేది 2018 ఫేస్‌లిఫ్ట్ తర్వాతి సీ220డీ. కొత్త ఓఎం654 డీజిల్ ఇంజిన్, 9 స్పీడ్ గేర్‌బాక్స్ రెండూ బాగుంటాయి. ధర ఎక్కువే, కానీ ఈ మొత్తం గుంపులో ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు దానికే.

ఆడీ దగ్గర కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పాత ఏ4 2.0 టీడీఐలో మల్టీట్రానిక్ అనే సీవీటీ, అంటే గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. అది మొరాయిస్తే చేసే మెకానిక్కులు తక్కువ, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అదే కాలం 1.8 పెట్రోల్ ఇంజిన్లలో కొన్ని పిస్టన్ రింగుల డిజైన్ వల్ల ఇంజిన్ ఆయిల్ తాగేస్తాయి. 2014లో వచ్చిన ఏ3 సెడాన్ చిన్నగా ముద్దుగా ఉంటుంది గానీ పెట్రోల్‌లో డీక్యూ200 అనే 7 స్పీడ్ డ్రై క్లచ్ గేర్‌బాక్స్ ఉంటుంది. మన ట్రాఫిక్‌లో క్లచ్ పదే పదే పట్టి వదలడం వల్ల అది వేడెక్కుతుంది, క్లచ్‌తో పాటు దాన్ని నడిపే మెకట్రానిక్ యూనిట్ కూడా పోతుంది. ఏ3 డీజిల్‌లో ఉండే 6 స్పీడ్ వెట్ క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్) గేర్‌బాక్స్ దీనికన్నా గట్టిది. 2016లో వచ్చిన తర్వాతి తరం ఏ4 అయితే నిశ్చింతగా చూడొచ్చు, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆడీ మన దేశంలో డీజిల్ మానేసింది కాబట్టి ఆ తర్వాతివన్నీ పెట్రోలే.

వోల్వో ఎస్60 మంచి కారే, సర్వీస్ సెంటర్లే తక్కువ. జాగ్వార్ ఎక్స్‌ఈ ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.

ఒకమాట ఇక్కడే చెప్పాలి. మీకు కావల్సింది మెత్తటి ప్రయాణం, టెన్షన్ లేని జీవితం అయితే మన పక్కనే బిడదిలో అసెంబుల్ అయిన టొయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ని కూడా ఒకసారి నడిపి చూడండి. ముందు లోగో వేరే ఉంటుంది, అంతే. అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టుకుని అనంతపురమో కర్నూలో పోయొచ్చే ఇంటికి దానికన్నా నెమ్మదైన కారు ఈ ధరలో దొరకడం కష్టం.

డీజిలా పెట్రోలా అన్నది మీ రోజువారీ దూరం చెప్తుంది. బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలిపోవాలంటే కారు కాసేపు ఆగకుండా ఒకే వేగంతో పరిగెత్తాలి. మారతహళ్లి నుంచి బెళ్లందూరు దాకా పాకుతూ ఆఫీసుకెళ్లి వచ్చే కారుకి ఆ అవకాశమే రాదు. నెలకి రెండు మూడుసార్లైనా హైవే ఎక్కే అలవాటుంటే డీజిల్ తీసుకోండి, లేకపోతే పెట్రోలే.

ఇక కారు చూడటానికి వెళ్లేటప్పుడు. అమ్మేవాళ్లకి ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లలోనే చైన్ చప్పుడు బయటపడుతుంది. బానెట్ ఎత్తి, ఇంకొకరిని స్టార్ట్ చేయమని, మీరు ఇంజిన్ వెనక భాగం దగ్గర, అంటే ముందు అద్దం (విండ్‌షీల్డ్) వైపు, చెవి పెట్టి వినండి. ఇనప గొలుసు రేకు మీద గీస్తున్నట్టు గరగర వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే అక్కడితో ఆపేయండి. "డీజిల్ కదా సార్, అలాగే ఉంటుంది" అంటారు, నమ్మొద్దు.

తర్వాత నీళ్లలో మునిగిందా అన్నది. ఇది బెంగళూరులో అతి ముఖ్యం. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు, యెమలూరు వైపు లేఅవుట్లలో ఇళ్ల ముందు ఎన్ని ఖరీదైన కార్లు మునిగాయో అందరం చూశాం. చెన్నైలో 2015 డిసెంబరు, మళ్లీ 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను. ఆ కార్లన్నీ తుక్కు కాలేదు, కడిగి తుడిచి అమ్మినవి చాలా ఉంటాయి. ఈ మధ్య తెలిసినవాళ్ల కోసం వైట్‌ఫీల్డ్ వైపు ఒక కారు చూడటానికి వెళ్లాను. బయట పాలిష్ మెరిసిపోతోంది, డాక్టర్ గారు వాడిన కారని కూడా చెప్పారు. ముందు సీటు బెల్టుని చివరిదాకా లాగాను. మామూలుగా బయటికి రాని ఆఖరి జానెడు మీద మట్టి రంగు గీత అడ్డంగా ఉంది. సీటు వెనక్కి జరిపి టార్చ్ వేస్తే, పట్టాల బోల్టులన్నీ ఎర్రగా తుప్పుపట్టి, కార్పెట్ అంచు కింద ఆరిపోయిన సన్నటి బురద. మీరూ ఇవే చూడండి: బెల్టు చివర, సీటు పట్టాలు, డిక్కీలో స్టెప్నీ గుంట, డాష్‌బోర్డ్ కింద ఇనప పట్టీలు. 3 సిరీస్‌లో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది, అందుకని ఆ మూల తడి అస్సలు ఉండకూడదు. వరద చూడకపోయినా, చెట్టు కింద పార్క్ చేసిన కార్లలో ఆకులు సన్‌రూఫ్ నీటి గొట్టాలకి అడ్డుపడి నీళ్లు లోపలికి దిగుతాయి, కాళ్ల దగ్గర కార్పెట్ నొక్కి చూడండి.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద చేసి సంబరపడొద్దు. సాయంత్రం సిల్క్ బోర్డ్ వైపు తీసుకెళ్లండి, అరగంట ఆగుతూ కదులుతూ ఏసీ వేసుకుని నడపండి. ఒకటి రెండు గేర్ల మధ్య కుదుపు, ఆగి కదిలేటప్పుడు వణుకు, ఇంజిన్ వేడి పెరగడం, ఏసీ చల్లదనం తగ్గడం, అన్నీ అక్కడే తెలుస్తాయి. హంపుల మీద అద్దాలు దించి నెమ్మదిగా ఎక్కించండి, కింద టకటకమంటే సస్పెన్షన్ ఆర్మ్ బుష్‌లు అయిపోయినట్టు.

ఆ తర్వాత లిఫ్ట్ ఉన్న గ్యారేజీకి తీసుకెళ్లాల్సిందే, దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి. ఈ కార్లు నేలకి దగ్గరగా ఉంటాయి, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపులకీ పెద్ద హంపులకీ ఆయిల్ సంప్ గీసుకుపోతుంది, కింద నుంచి చూస్తేనే ఆయిల్ కారడం, వెల్డింగ్ కనబడతాయి. చెన్నై కారైతే సముద్రపు గాలికి అడుగున తుప్పు కూడా చూడాలి. గ్యారేజీలో ఆ బ్రాండ్‌కి తగిన స్కానర్ ఉండాలి. మామూలు ఓబీడీ స్కానర్ ఇంజిన్ వరకే చూపిస్తుంది, బీఎండబ్ల్యూకి ఇస్టా, బెంజ్‌కి జెంట్రీ, ఆడీకి ఓడిస్ లేదా వీసీడీఎస్ అయితే గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగ్, కీ అన్నిటినీ చదువుతాయి. కిలోమీటర్లు మీటర్‌లోనే కాక వేరే యూనిట్లలో కూడా నమోదై ఉంటాయి, మీటర్ 60 వేలు చూపిస్తూ పాత ఫాల్ట్ ఒకటి 95 వేల దగ్గర నమోదై ఉంటే ఇంక చెప్పేదేముంది. పెయింట్ మందం కొలిచే గేజ్ కూడా పెట్టించండి, కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, ఒక్క తలుపు మాత్రం 300 చూపిస్తే అక్కడ పని జరిగింది.

సర్వీస్ చరిత్ర ఫొటోల్లో కాకుండా ఛాసిస్ నంబర్ పెట్టి ఓనరు చేతే కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి తెప్పించండి. అందులో రీకాల్ పనులేవైనా మిగిలున్నాయా అన్నదీ అడగండి. ఆయిల్ మార్పుల మధ్య ఎంత దూరం ఉందో చూడండి, 25 వేల కిలోమీటర్లకి ఒకసారి మార్చిన కారు కన్నా 10 వేలకి మార్చిన, ఎక్కువ తిరిగిన కారే నాకు నచ్చుతుంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడటం చాలామంది మర్చిపోతారు. వరుసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది, ఎప్పుడూ చిన్న గీత కూడా పడలేదని చెప్పిన కారుకి సున్నా ఉంటే ఎందుకో అడగండి. ఆ బోనస్ ఓనరుది, కారుతో పాటు మీకు రాదు.

వేరే రాష్ట్రం బండి విషయంలో తొందరపడకండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అక్కడి బండ్లు చవగ్గా ఇటు వస్తున్నాయి. మన హైదరాబాద్, విజయవాడ బండి అయినా సరే, కర్ణాటకలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కొత్త కారు 20 లక్షలు దాటితే ఇక్కడ పన్ను 18 శాతం, దాని మీద సెస్. పాతదానికి వయసుని బట్టి తగ్గిస్తారు గానీ లెక్క మొదలయ్యేది కారు అసలు ధర మీద, మీరు కొన్న ధర మీద కాదు. ఆ అంకె ముందే ఆర్టీఓ దగ్గర కనుక్కుని కారు ధరకి కలుపుకోండి, చాలాసార్లు చవక అనుకున్నది కాస్తా కేఏ బండి కన్నా ఎక్కువ పడుతుంది. వేరే రాష్ట్రం బండికి ఆ ఊరి ఆర్టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్ఓసీ, ఓనరు పేరు మార్చడానికి సంతకాలు పెట్టిన ఫారాలు 29, 30, లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35, ఇవన్నీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ట్రాఫిక్ చలాన్లు ఎన్ని పెండింగ్ ఉన్నాయో కూడా అప్పుడే చూసేయండి.

టైర్ల గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) మామూలువాటికన్నా బాగా ఖరీదు కాబట్టి పాతవైతే నాలుగింటి ధర అడిగి తగ్గించుకోండి. కొన్న మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, ఫిల్టర్లు, రికార్డు లేకపోతే గేర్‌బాక్స్ ఆయిల్ కూడా మార్పించేయండి. బీఎండబ్ల్యూలో బ్యాటరీ మారిస్తే దాన్ని స్కానర్‌తో కారుకి రిజిస్టర్ చేయాలి, లేకపోతే ఛార్జింగ్ సరిగా జరగదు, బయట బ్యాటరీ షాపుల్లో ఇది చేయరు. ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి 14 రోజుల్లో మార్చుకోండి, వానాకాలం రాకముందే, నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ తీసుకోండి. అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచి బండి ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కకండి, తోయించి పక్కన పెట్టి టోయింగ్‌కి ఫోన్ చేయండి.