పాత జీపులో అరకు వెళ్తున్నారా? ముందు బ్రేక్ ఆయిల్ చూడండి

సంక్రాంతికి పాత జీపు బయటికి తీసేవాళ్లు రంగులు, సీటు కవర్ల కన్నా ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి. ఏళ్ల తరబడి అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆ తేమ ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. నాకు ఒకసారి అలాగే అయింది, గేర్లు తగ్గించుకుంటూ హ్యాండ్ బ్రేక్‌తో ఆపాను. ఆ వణుకు ఇంకా గుర్తుంది.

బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా మూత తీయండి. తేనె రంగు పోయి టీ డికాషన్‌లా నల్లబడితే ఆలస్యం వద్దు. రంగు బాగున్నా రెండేళ్లు దాటితే మార్చాల్సిందే. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలను కూడా వంచి చూడండి, పగుళ్లుంటే అవీ మార్పించండి.

టైరు పక్కభాగం మీద అది తయారైన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2316 అంటే 2016లో 23వ వారం. నేలను పట్టుకునే గుండీలు అరగకపోయినా అంత పాత టైరుతో ఘాట్ ఎక్కొద్దు.